రాగిరేకు మీద పడవ

అనగనగా ఒక ఏటి ఒడ్డున పేరిందేవి అనే ముసలమ్మ ఉండేది. బొమ్మలు వేయడం ఆమెకు వచ్చిన విద్య. ఎన్నో వేసింది, అన్నీ అమ్మింది. ఒక్క బొమ్మ మాత్రం అమ్మలేదు.

అది గుడ్డ మీద వేసిన ఏటి బొమ్మ. దగ్గరకు వెళ్తే అన్నీ రంగు మరకలే. నాలుగడుగులు వెనక్కి వేస్తే మంచులో, నీళ్ల మీద వెలుతురు కదిలేది. ఆ వెలుతురులో ఒక పడవ, పడవలో ఒక నీలి మరక. ఆ మరకే ఆమె భర్త. బొమ్మలో ఉన్న ఆ మంచు ఉదయమే పడవెక్కి వెళ్లినవాడు మళ్లీ రాలేదు.

పేరిందేవికి మతిమరుపు మొదలైంది. పొయ్యి మీద ఎసరు మరిచేది. చుట్టాల పేర్లు మరిచేది. కానీ ఆ మరకను చూడగానే భర్త తల వాల్చి నవ్వడం కళ్లకు కట్టేది. గుడ్డ చివికిపోతే ఆయన కూడా పోతాడని ఆమె దిగులు.

ఆ దిగులు రాజుగారి చెవిన పడింది.

"గుడ్డ చివుకుతుంది అవ్వా, రాగి చివకదు. మా కంచరి చేత రేకు మీదకు ఎక్కిస్తాను" అన్నాడు.

భయం ఆమె చేత ఔననిపించింది.

కంచరి లింగోజు గుడ్డను రేకు మీద పరిచి, రంగుల హద్దుల వెంట సూదులతో పొడిచి, బొమ్మను దించాడు. పని ముగిసేసరికి గుడ్డ జల్లెడైంది. ఎత్తబోతే పోగులై రాలింది. పేరిందేవి ఆ పోగులను కొంగులో పోసుకుని చాలాసేపు వెతికింది. అందులో ఆయన లేడు.

మొదటి రేకులో ఏరు ఉంది, పడవ ఉంది. పడవ ఖాళీ.

"మా ఆయనేడి, నాయనా?"

"ఆ నీలి మరకా? రంగు ఒలికిందనుకుని వదిలేశాను, పెద్దమ్మా!"

రెండో రేకులో పడవ మీద మనిషి నిలబడ్డాడు. కోరమీసం, విరిచిన రొమ్ము.

"ఇతనెవరయ్యా? మా ఆయనకు మీసమే లేదు. నీ బావమరిదిని గాని ఎక్కించావా?"

"ఉలికి గీత కావాలి, పెద్దమ్మా. మరకను మరకలా చెక్కడం మా తాతకు కూడా రాదు. రాజుగారు మెచ్చుకున్నారు, ఊరంతా కావాలంటున్నారు."

నిజమే. అలాంటి రేకులు ఇంటింటి గోడకూ ఎక్కాయి. పేరిందేవి ఎవరి గడప తొక్కినా ఆ మీసాలాయనే ఎదురయ్యేవాడు. "అవ్వా, మీ ఆయన భలే ఉన్నాడే!" అనేవారు పిల్లలు. మొదట్లో ఆమె కాదని చెప్పేది. తరువాత తరువాత ఊరుకునేది.

లింగోజుకు మాత్రం మనసు ఒప్పలేదు. కొన్నాళ్లకు మూడో రేకు చంకన పెట్టుకుని వచ్చి, ఆమె అరుగు మీద కూర్చున్నాడు.

"గుడ్డ పోతే పోయింది, నువ్వున్నావుగా. ఆయన ఎలా ఉండేవాడో చెప్పు పెద్దమ్మా. నువ్వు చెప్పినట్టే చెక్కుతాను."

పేరిందేవి కళ్లు మూసుకుంది. మంచు కోసం వెతికింది. నీలి మరక కోసం వెతికింది. ఆ నవ్వు కోసం వెతికింది. చివరికి ఆమె ముఖం వికసించింది.

"ఆఁ, కనబడ్డాడు! ముందు మీసం చెక్కు నాయనా. కోరమీసం."

లింగోజు ఉలి కింద పెట్టేశాడు.

"ఏం, చెక్కవేం?" అంది పేరిందేవి, సంతోషంగా.

మరిచిపోతామన్న భయంతో మన జ్ఞాపకాన్ని ఇంకొకరి చేతికి అప్పగిస్తే, చివరికి మనకు మిగిలేది వాళ్లు గీసి ఇచ్చినదే.