ఏడు కుండీలు, జానెడు పెరడు

అనగనగా ఓ ఊళ్ళో, మరీ మనూరంత పెద్దదేం కాదులే, నాంచారమ్మ అని ఒక కోడలుండేది. మంచిదే పాపం. కానీ మొక్కల బండి గంట వినపడిందా, కాలు నిలవదు. ఆ రోజూ అంతే. పొయ్యి మీద పాలు పొంగుతున్నా చూడకుండా పరిగెత్తి, ఏడు కుండీలు కొనేసింది. ఎక్కడ పెడతావే అని అడిగినవాళ్ళున్నారా? అడిగితే మాత్రం వింటుందా? ఊ కొట్టండర్రా.

బండి వెళ్ళిపోయాక చూసుకుంటే పెరడు జానెడు. ఈలోగా అత్తగారు వెంకటరత్నమ్మ వచ్చి, దీపాలు పెట్టే వేళకి వీటికి చోటు చూపించకపోతే అన్నీ మేకకి వేసేస్తానని చెప్పేసింది. ఆవిడ అన్నదంటే చేస్తుంది.

ఇక మొదలైంది తిరుగుడు. అన్నిట్లోకీ ఇష్టమైన మరువం కుండీ చంకనెత్తుకుని నూతి దగ్గరికి వెళితే, బట్టలుతికే బండ ఉంది. బండ దగ్గర కాదని గోడ దగ్గరికి వెళితే, పిడకలున్నాయి. పిడకల దగ్గర కాదని గుమ్మం దగ్గరికి వెళితే, ముగ్గుంది. ముగ్గు తొక్కలేక ఎండ తగిలే మూలకి వెళితే, అత్తగారి వడియాల చాప ఉంది. ఆ చాప జరిపే ధైర్యం మావగారికే లేదు, కోడలికెక్కడిది? మళ్ళీ నూతి దగ్గరికే. కూర్చుంటే కూర్చోబుద్ధి కాదు, తిందామంటే ముద్ద దిగదు. మేకేమో ఇటే చూస్తోంది.

పోనీ ఎవరికైనా ఇచ్చేద్దామని ఇల్లిల్లూ తిరిగింది. ఒక్కరూ పుచ్చుకోలేదు. ఎందుకంటారా? చేతికిచ్చిన మొక్క బతకదనీ, ఎత్తుకెళ్ళిన మొక్కే బతుకుతుందనీ ఆ ఊళ్ళో నమ్మకం. అందరికీ కావాలనే ఉంది, చెయ్యి మాత్రం చాపరు. నాంచారమ్మకి ఏడుపొచ్చింది. ఏడ్చి, ముక్కు చీది, ఏడు కుండీలూ వీధరుగు మీద పెట్టింది. తనకి నిద్రొస్తోందని వీధంతా వినపడేలా చెప్పి, లోపలికెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంది. నిద్రా పాడా, చెవులన్నీ అరుగు మీదే. గాజుల చప్పుడొకసారి, మట్టెల చప్పుడొకసారి, ఎవరిదో దగ్గొకసారి.

పొద్దు వాలుతుంటే లేచి చూస్తే అరుగు ఖాళీ. మేక గండం తప్పింది సరే, మరువం కూడా పోయిందే అని నాంచారమ్మ ప్రాణం ఉసూరుమంది.

పెరట్లోకి వెళ్ళేసరికి వెంకటరత్నమ్మ చాప చుట్టి పక్కన పెట్టి, ఎండ మూల మట్టి తవ్వుతోంది. పక్కనే మరువం కుండీ. కోడల్ని చూసి దాన్ని కొంగుతో కప్పబోయింది. అంత కుండీ కొంగు చాటున దాగుతుందా?

“అడిగితే ఇచ్చేదాన్ని కదా అత్తయ్యా” అంది నాంచారమ్మ.

“ఇస్తే చచ్చిపోతుందే పిల్లా. నాకిది బతకాలి” అందావిడ తలెత్తకుండా.

కాపరానికొచ్చిన కొత్తలో ఆవిడా జడలో మరువం పెట్టుకోవాలని ముచ్చటపడి మొక్క తెచ్చుకుందిట. అప్పటి అత్తగారు పెరట్లో చోటివ్వలేదుట. అది విని నాంచారమ్మకి గుండె కరిగిపోయింది. ఏమీ చూడనట్టు అటు తిరిగి నిలబడింది, ఆవిడ నాటడం అయ్యేదాకా.

ఆ ఏడు మొక్కలూ ఏడిళ్ళలో ఏపుగా పెరిగాయర్రా. మేకకి జామాకులు దొరికాయి. మీరు మాత్రం ముందు చోటు చూసుకుని తరవాత కొనండి. కథ కంచి దారి పట్టింది, ఇక మనం దుప్పట్లోకి.