భాండాగారానికి పట్టిన చెద

గంధవరం రాజుగారు పుస్తక భాండాగారం చూడటానికి మర్నాడే వస్తున్నారు. అరలు చూస్తే సగం ఖాళీ. కాపలాదారు కోనయ్యకు కొలువు ఊడేలా ఉంది. ఆ పుస్తకాలన్నీ సేనాపతి భైరవనాయకుడి మేడలో ఉన్నాయి. ఆయన చదివిన పాపాన పోలేదు, అది వేరే సంగతి. అడిగితే మాత్రం, "నేనెప్పుడు తీసుకున్నానోయ్?" అని మీసం దువ్వుతాడు.

కోనయ్య బజారులో ఒక కబురు వదిలాడు. "భాండాగారానికి చెద పట్టింది. అక్కడి తాటాకు పుస్తకం ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంటి దూలాలకూ పాకుతుందట."

సేనాపతిది కొత్త కలప మేడ. పొద్దుగూకేలోగా బండెడు పుస్తకాలు తానే తెచ్చి దింపించాడు. కోనయ్య వాటిని గబగబా సర్దేసి అరలు నింపాడు.

సేనాపతి అరలన్నీ తడిమి, "చెద ఏదోయ్?" అన్నాడు.

"అదే వింత దొరా. ఇన్నాళ్ళూ తిన్నదంతా ఇప్పుడే కక్కేసింది," అన్నాడు కోనయ్య.