స్తమాతవ్వ వాసన చూసిన ఆకు

అనగనగా అన్నానని ఎన్నేళ్ళ కిందటని మాత్రం అడక్కండి. ఆలివ్ చెట్లు వందల ఏళ్ళు బతుకుతాయి, వాటికే గుర్తులేని సంగతి. గ్రీకు దేశపు సముద్రంలో ఒక రాళ్ళ దీవి. దీవి మీద ఒక గాలిమర. గాలిమర కింద ఒక గుడిసె. గుడిసెలో స్తమాతవ్వ.

అవ్వకు పొలం లేదు, మేక లేదు, నా అన్నవాళ్ళు లేరు. ఉన్నదల్లా ఒక ముక్కు. నవ్వకండి, అలాంటి ముక్కు ఆ దీవిలో మరొకటి లేదు.

అక్కడి వంట రుచంతా కొండమీది ఆకుల్లో ఉంది. చేప మీద ఒరెగానో చల్లాలి, పప్పులో బిరియానీ ఆకు వెయ్యాలి, ఆకుకూరలో అడవి సోంపు కలపాలి. పలుచటి పిండి పొరల మధ్య ఆ కూర దట్టించి, ఆలివ్ నూనె రాసి, పొయ్యిలో కాల్చిన రొట్టె దొరికితే పేదవాడికి అదే పండగ. కానీ అడవి సోంపు పక్కనే ఇంకో మొక్క మొలుస్తుంది. అదే ఆకు, అదే పచ్చదనం. తింటే ప్రాణం తీస్తుంది. లేత ఆకుని కళ్ళతో చూసి ఏది ఏదో చెప్పడం ఎవరి తరమూ కాదు. తేడా అంతా వాసనలోనే.

అందుకని ఆడవాళ్ళు ఆకు కోసుకుని నేరుగా అవ్వ గుమ్మానికి వచ్చేవాళ్ళు. అవ్వ ఆకు చిదిమేది. కళ్ళు మూసుకునేది. మూడుసార్లు పీల్చేది. "వండుకో" అంటే వండుకునేవాళ్ళు. "పారెయ్" అంటే పారేసేవాళ్ళు. గుప్పెడు ఆలివ్ కాయలో, ఒక రొట్టె ముక్కో అవ్వ చేతిలో పెట్టి వెళ్ళేవాళ్ళు. దారిలో ఎదురుపడితే మాత్రం ఒక్కరూ పలకరించేవాళ్ళు కాదు. చేతిలో ఆకు లేనప్పుడు అవ్వతో ఎవరికేం పని?

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. గోధుమ ఎండిపోయింది, మేకలు చచ్చిపోయాయి, ఊరు ఊరంతా కొండ మీది ఆకు మీద పడింది. సరిగ్గా ఆ చలికాలమే అవ్వకు జ్వరం వచ్చింది. పోతూ పోతూ ముక్కుని పట్టుకుపోయింది. అవ్వ ఒరెగానో చిదిమింది, వాసన లేదు. పుదీనా నలిపింది, వాసన లేదు. పొయ్యి మీదికి వంగి పొగ పీల్చింది, దానికీ వాసన లేదు.

చెప్పేస్తే ఇక గుమ్మంలోకి ఎవరొస్తారు? రొట్టె ముక్క ఎవరిస్తారు? పాపం, అవ్వ చెప్పలేదు.

మొదటి రోజు పడవవాడి పెళ్ళాం వెడల్పాటి ఆకు తెచ్చింది. అవ్వ చిదిమింది, కళ్ళు మూసుకుంది, మూడుసార్లు పీల్చింది. ముక్కుకి ఏమీ తెలియలేదు గానీ, ఆ ఆకుని కళ్ళు ముందే పోల్చుకున్నాయి. "వండుకో" అంది.

రెండో రోజు చాకలామె నూగు ఆకు తెచ్చింది. అవ్వ చిదిమింది, కళ్ళు మూసుకుంది, మూడుసార్లు పీల్చింది. చేతికి చురుక్కుమంది, వేళ్ళు పోల్చుకున్నాయి. "వండుకో" అంది.

మూడో రోజు ఆర్గిరో వచ్చింది. ముగ్గురు పిల్లల తల్లి, మొగుడు సముద్రంలో పోయాడు. బుట్ట నిండా లేత సోంపు తెచ్చింది. సోంపో, మరొకటో. అవ్వ చిదిమింది, కళ్ళు మూసుకుంది, మూడుసార్లు పీల్చింది. కళ్ళకీ తెలియలేదు, వేళ్ళకీ తెలియలేదు.

"అవ్వా, ఇంట్లో ఉన్న చివరి పిండి ఈ ఆకుతోనే కాలుస్తున్నా. పిల్లలకి రెండు రోజులుగా పస్తు," అంది ఆర్గిరో.

"వండుకో," అంది అవ్వ.

అవ్వకివ్వడానికని పొరుగింట్లో అడిగి తెచ్చిన రొట్టె ముక్క చేతిలో పెట్టి ఆర్గిరో వెళ్ళిపోయింది. అవ్వ ముక్క కొరికింది. మిగిలింది పక్కన పెట్టేసింది. గుమ్మం దాకా వెళ్ళింది, మళ్ళీ వెనక్కి వచ్చింది. చివరికి కర్ర అందుకుని, ఆ రాళ్ళ దారిలో పడుతూ లేస్తూ ఆర్గిరో ఇంటికి చేరింది. అప్పటికే రొట్టె పొయ్యిలోంచి దిగింది. పిల్లలు చుట్టూ చేరారు.

"ఆగండి! మొదటి ముక్క నాకు పెట్టండి," అంది అవ్వ.

"ఇప్పుడేగా ఇచ్చాను అవ్వా! పసిపిల్లల నోటి దగ్గరికి వచ్చావేం?" ఆర్గిరోకి కోపమొచ్చింది.

"నా ముక్కు పోయింది తల్లీ. జ్వరంలోనే పోయింది. మీ అందరి దగ్గరా దాచాను."

ఆర్గిరో కత్తి పక్కన పెట్టి, రొట్టెని పిల్లలకి దూరంగా జరిపింది. "అయితే పారేస్తాను."

"మంచి ఆకైతే? చివరి పిండి అన్నావు. నా అబద్ధానికి ఈ పిల్లలెందుకు మాడాలి? గాలిమర నీడ మీ గడప తాకేదాకా ఎవరూ ముట్టుకోకండి. అప్పటికి నేను బాగుంటే తినండి."

ఆర్గిరో అడ్డం పడేలోపే అవ్వ ముక్క తీసుకుని తినేసింది. గడప మీద కూర్చుంది. పిల్లలు నీడనే చూస్తున్నారు. నీడ వాకిట్లోకి వచ్చింది. నీడ మెట్టెక్కింది. నీడ గడప తాకింది.

"ఆర్గిరో, నా కాళ్ళు ఎక్కడున్నాయో తెలియట్లేదే," అంది అవ్వ. "పారెయ్."

ఆర్గిరో అవ్వని ఒళ్ళో పడుకోబెట్టుకుని భోరుమంది.

"ఏడవకు. ఊళ్ళో అందరికీ చెప్పు. ఇకమీద ఒక్క ముక్కునే నమ్ముకోవద్దు. మూడు ముక్కులు చూడాలి." అవే ఆఖరి మాటలు.

ఆ సాయంత్రం ఊరంతా కదిలింది. ఎవరింట్లో ఉన్నది వాళ్ళు, గుప్పెడో చారెడో, ఆర్గిరో పిల్లలకి తెచ్చి పెట్టారు. ఆ దీవిలో పోయినవాళ్ళ పేరున గోధుమలు ఉడికించి, దానిమ్మ గింజలు కలిపి పంచుతారు. ఆ ఏడు గోధుమలే లేవు. అందుకని ఇంటికొక్క సోంపు రెమ్మ తెచ్చి అవ్వ మీద పెట్టారు. ఒక్కో రెమ్మనీ ముగ్గురు వాసన చూశాకే పెట్టారు.

ఇప్పటికీ ఆ దీవిలో ఆకు పొయ్యెక్కే ముందు మూడు ముక్కులు వాసన చూస్తాయి. వండే మనిషిది, పొరుగింటి మనిషిది, ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్ళది. గాలిమర కూలిపోయి చాలా కాలమైంది, నీడా లేదు. అయినా రొట్టె దిగాక మొదటి ముక్క గడప మీద పెట్టి కాసేపు ఆగుతారు.

జలుబు చేసి ఎవరికైనా వాసన తెలియకపోతే, "ఇవాళ నాది స్తమాతవ్వ ముక్కు" అని పైకి చెప్పేస్తారు. అందులో సిగ్గేం లేదు. అలా చెప్పినవాళ్ళకే ఆ పూట అందరికన్నా ముందు రొట్టె పెడతారు.