భైరన్న పీకేసిన ఫ్యూజు

ఇప్పలమడుగు అడవిలో జింకలు, కోతులు, కుందేళ్లు, ఒక ముళ్లపంది, ఒక ఎలుగుబంటి కుటుంబం ఉండేవి. ఆ అడవిలో కరెంటు కూడా ఉండేది. బండల మీద పరిచిన సోలార్ పలకలు ఎండను పట్టి, గుహలోని పెద్ద బ్యాటరీలను నింపేవి. అక్కడి నుంచి ఒక్కో ఇంటికి ఒక్కో తీగ వెళ్లేది.

ఆ తీగల బాగోగులు ముళ్లపంది సూదక్క చూసేది. ప్రతి తీగ మొదట్లో ఆమె ఒక ఫ్యూజు పెట్టింది. ఏ ఇంటి తీగ పాడైతే ఆ ఇంటి ఫ్యూజు కాలి, అక్కడికి మాత్రం కరెంటు ఆగిపోయేది. మిగతా ఇళ్లకు ఏమీ అయ్యేది కాదు.

ఒక ఎండాకాలం ఎలుగుబంటి భైరన్న ఇంటి ఫ్యూజు మాటిమాటికీ కాలిపోసాగింది.

“అన్నా, మీ ఇంటి ముందు నువ్వు వీపు గోక్కునే రాయి దగ్గర తీగ అరిగిపోయినట్టుంది. మార్చేదాకా కరెంటు వాడకు,” అంది సూదక్క.

భైరన్నకు తల కొట్టేసినట్టయింది. “అందరూ ఫ్యాన్ల కింద కూర్చుంటే, ఇంత పెద్దవాణ్ణి నేను చెమటలు కక్కాలా?” అన్నాడు.

సూదక్క కొత్త తీగ కోసం వెళ్లగానే అతను గుహలో దూరాడు. ఫ్యూజు పీకి పారేశాడు. దాని చోట లావుపాటి రాగితీగ బిగించాడు. ఇంట్లో ఫ్యాను గిర్రున తిరిగింది. కోతులు చప్పట్లు కొట్టాయి.

“చూశారా! ఈ మాత్రానికి ఎంత హడావిడి చేసిందో!” అని నవ్వాడు. తన పిల్ల బొద్దును ఫ్యాను కింద పడుకోబెట్టి తేనె కోసం బయలుదేరాడు.

అతను మలుపు తిరిగాడో లేదో, వెనక ఫట్‌మని పేలింది.

అరిగిన తీగలు ఒకదానికొకటి తగిలాయి. అడ్డుకునే ఫ్యూజు లేదు. బ్యాటరీల్లోని కరెంటంతా ఒక్కసారిగా అక్కడికి ఉరికింది. కళ్లు మిరుమిట్లు గొలిపే తెల్లటి మంట లేచింది. ఇంటి ముందు ఎండుగడ్డి భగ్గుమంది. చప్పట్లు కొట్టిన కోతుల చేతులు గాలిలోనే ఆగిపోయాయి.

“బొద్దూ!” భైరన్న అరుస్తూ వెనక్కి పరుగెత్తాడు. మంటలోకి దూకబోయాడు.

“ఆగన్నా! కరెంటు ఆపకుండా ముట్టుకుంటే చస్తావు!” తిరిగొస్తున్న సూదక్క అరిచింది. “ఇది బ్యాటరీ కరెంటు. ఒకే దిక్కున పారుతుంది, క్షణం కూడా ఆగదు. మంట తనంతట తాను ఆరదు!”

ఆమె గుహలోకి పరుగెత్తింది. అన్ని ఇళ్ల కరెంటునూ ఆపే పెద్ద స్విచ్చు కర్రపిడిని ఒక్క గుంజుతో కిందికి లాగింది. తెల్లటి మంట చప్పున ఆరిపోయింది. భైరన్న కాలుతున్న గడ్డిని తొక్కుకుంటూ లోపలికెళ్లి పిల్లను ఎత్తుకొచ్చాడు. అతని అరికాళ్లు బొబ్బలెక్కాయి. ఇల్లు బూడిదైంది.

బొద్దు బతికింది. కానీ ఒంటిమీద బొచ్చంతా మాడిపోయింది. అది తండ్రి ముఖంలోకి చూసింది.

“నాన్నా, మన ఇంటిని ఎవరు కాల్చారు?”

భైరన్న పిల్లను దగ్గరికి హత్తుకుని, గుహ వైపు చూశాడు.

సూదక్క ఆ ఇంటి తీగను విడదీసి స్విచ్చు వేసింది. మిగతా ఇళ్లన్నిటికీ మళ్లీ కరెంటు వచ్చింది. ఆ రోజు నుంచి అడవిలో ఆమె మాటకు ఎదురు లేదు. భైరన్న మాత్రం, పిల్ల అడిగినదానికి జవాబు కోసం చాలా కాలం వెతుక్కున్నాడు.

నీతి: ప్రమాదాన్ని ఆపేదాన్ని అడ్డంకి అనుకుని తీసేస్తే, ఆ ప్రమాదం మన వాళ్ల మీదికే వస్తుంది.