తిరగలిలో మూడో వాటా

అనగనగా ఒక ఊళ్ళో... ఉండండర్రా, తప్పు చెప్పాను. ఈవిడకి అసలు ఊరే లేదు. అనగనగా ఊరు లేని ఒక మనిషి. పేరు దాలమ్మ. భుజాన జోలె, జోలెలో ఉలి, సుత్తి. ఊరూరా తిరిగి "రోళ్ళకి గంట్లు పెడతామమ్మా, తిరగళ్ళకి గంట్లు పెడతామమ్మా" అని కేకేసేది. రాయి అరిగి నున్నబడితే గింజ నలగదు కదా, టకటకా ఉలితో కొట్టి మళ్ళీ గరుకు చేసేది. కూలి సోలెడు జొన్నలు. అరుగు చివర కూర్చుని, పెట్టిందేదో తిని వెళ్ళిపోయేది.

గంట్లు పెట్టిన రోజు పిండిలో రాతిపొడి పడుతుంది. అందుకని ముందు కాస్త తవుడు విసిరి పారబోస్తారు. మంచి పిండి రాలే వేళకి దాలమ్మ పక్క ఊరి దారిలో ఉండేది. ముప్ఫై ఏళ్ళలో తను బాగుచేసిన తిరగలి పిండి ఒక్కనాడూ నోట పెట్టలేదు. పలకరించే దిక్కు లేక సుత్తితో మాట్లాడేదిట. ఒరేయ్ పండూ, ఏమిటా నవ్వు? ఒక్కరికే వండుకునేవాళ్ళకి తెలుస్తుంది ఆ బాధ. మీ తాతయ్య పోయిన ఏడు నేను దొడ్లో కరివేపచెట్టుతో మాట్లాడాను. ఊ కొట్టండి మరి, లేకపోతే ఇప్పుడూ ఆ చెట్టుకే చెప్పుకోవాలి.

అలా తిరుగుతూ తిరుగుతూ ఒక ఊరొచ్చింది. అక్కడ వరాలని ఒక కోడలుపిల్ల. మహా తెలివైంది. ఇంటింటా ఆడవాళ్ళు చేతులు బొబ్బలెక్కేలా విసురుకోవడం చూసి, ఊరంతటికీ ఒకటే పెద్ద తిరగలి పెట్టి ఎద్దుతో తిప్పిద్దామనుకుంది. నీ మొహం, ఎద్దు పిండి విసురుతుందా అని అత్తగారు మూతి తిప్పింది. వరాలి దగ్గర ఉన్నది ఒక్క ఎద్దే. పూర్తి కూలి ఇచ్చుకోలేదు. అందుకని దాలమ్మనీ, వడ్రంగి వీరాచారినీ పిలిచి, ఇప్పుడు సగం కూలి తీసుకోండి, మిగతా సగానికి తిరగలిలో వాటా తీసుకోండి, ఎద్దుకొకటి, ఎద్దుని కట్టి తిప్పే దూలానికొకటి, రాతికొకటి, మూడు వాటాలు అందిట.

వాటా అంటే ఏమిటమ్మా అని దాలమ్మ అడిగింది. ఇది నీది కూడా అని అర్థం అంది వరాలు.  అయితే నేను ఇక్కడ ఉండిపోవచ్చా అంది దాలమ్మ. ఉండకపోతే వాటా ఏం చేసుకుంటావే అంది వరాలు. అంతే, ఒప్పేసుకుంది. సగం కూలితో సగం కడుపు తిని, నాలుగు నెలలు ఆ బండరాయిని చెక్కింది పిచ్చిది.

తిరగలి తయారైంది. ఊరంతా వచ్చింది. ఓ నాలుగు గుప్పెళ్ళు తవుడు వేసి తిప్పి, తర్వాత జొన్నలు పోశారు. పిండి నోట్లో వేసుకుంటే కరకర! తూ, తూ అని ఉమ్మేసి, ఇది తిరగలి కాదు పళ్ళు రాలగొట్టే రాయి అని నవ్వుకుంటూ పోయారు. మర్నాడు ఒక్క పురుగు రాలేదు.

వీరాచారికి ఒళ్ళు మండింది. నా వాటా నేను పట్టుకుపోతానని దూలం ఊడబీకి భుజాన వేసుకుపోయాడు! దాలమ్మని చూసి ఊళ్ళోవాళ్ళు, నీ రాయి నువ్వూ నెత్తిన పెట్టుకుపో అని ఎగతాళి చేశారు. వరాలు కూడా తల వంచుకుని కూర్చుంది, ఉండమనలేదు. అది చూసింది దాలమ్మ. జోలె సర్దుకుంది. రాతిపొడి పడ్డ రోజు ఊరు వదలడం ఆవిడకి అలవాటేగా.

పొలిమేర దాకా వెళ్ళింది. పక్క ఊళ్ళో మాత్రం ఎవరు ఎదురుచూస్తున్నారు గనక? అక్కడే ఓ రాతిమీద కూలబడి కుళ్ళికుళ్ళి ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, సుత్తితో అందిట: ఒసే, చిన్న తిరగలికి గుప్పెడు తవుడు చాలు, ఇంత పెద్దదానికి గుప్పెళ్ళు ఏ మూలకే? బస్తా కావాలి! ఎప్పుడూ రెండో రోజు ఉండి చూడలేదు కదా, అప్పటిదాకా తట్టలేదు పాపం.

గబగబా వెనక్కొచ్చింది. ఇప్పుడు వినండి, నాతో పాటు అనండి. పిండి పడాలంటే పొడి పోవాలి, పొడి పోవాలంటే తవుడు ఆడాలి, తవుడు ఆడాలంటే రాయి తిరగాలి, రాయి తిరగాలంటే దూలం కావాలి, దూలమేమో వీరాచారి ఇంట్లో! అక్కడ వాళ్ళావిడ ఆ దూలం తట్టుకుని రెండుసార్లు పడింది. ఇది నాకెందుకయ్యా, పొయ్యిలోకి పట్టదు, దండేనికి పనికిరాదు అని తిట్టి తిట్టి, మొగుణ్ణి దూలంతో సహా తిరగలి దగ్గరికి పంపేసింది. దాలమ్మ వీధి వీధీ తిరిగి, ఎప్పటి గొంతుతోనే, తవుడు పెట్టండమ్మా అని కేకేసింది. గొంతు ఎరిగినవాళ్ళే కదా, తలా చేటెడు పెట్టారు.

తవుడు ఆడింది, పొడి పోయింది. మూడోనాటికి మల్లెపువ్వులాంటి పిండి రాలింది. వరాలు అక్కడే రొట్టెలు కాల్చింది. దాలమ్మ తన రొట్టె పుచ్చుకుని, అలవాటు చొప్పున అరుగు చివరికి పోయి కూర్చుంది. వరాలు వెళ్ళి చెయ్యి పట్టుకుని, తప్పయిపోయిందమ్మా, ఆరోజు నిన్ను ఆపలేదు, వాటాదారువి వీధిలో తింటావా, లోపలికి రా అని రాతి పక్కన కూర్చోబెట్టింది. దాలమ్మ ఒక ముక్క నమిలింది. కరకర లేదు. కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. కారమెక్కువైందా అన్నాడు ఆ తెలివితక్కువ వీరాచారి. కాదు బాబూ, నా పని ఇంత రుచిగా ఉంటుందని ఇవాళే తెలిసింది అందిట.

అందుకే చెబుతున్నా. రేపు మీకెవరైనా కూలి తగ్గించి వాటా ఇస్తామంటే, ఎంత అని తర్వాత అడగండి, కంచం ఎక్కడ వేస్తారో ముందు అడగండి.

కథ కంచికి పోయింది. దాలమ్మ మాత్రం ఎక్కడికీ పోలేదు, ఇంట్లోనే ఉంది. పండూ? ఊ కొట్టవేంరా? పడుకున్నారూ... సరే, పడుకోండి. నేను ఇక్కడే కూర్చుంటాలే.