వంపులకోట రాజుగారి పందెం బ్రేకులు

అనగా అనగా, రాజులు రథాలు దిగి కార్లెక్కిన కాలంలో, ఒక కొండ కొమ్మున వంపులకోట అని చిన్న రాజ్యం ఉండేది. రాజ్యమంతటికీ ఒకటే కారు. ఆ కారుకు ఒకటే దారి. ఆ దారిలో ఇరవై ఒక్క వంపులు. పైనుంచి తొంగి చూస్తే పెద్దవాళ్లకు కూడా కళ్లు తిరిగేవి.

కారు రాజుగారిది. ఆయన పేరు కనకభూపతి. కారు మరీ గొప్పదేం కాదు, వెనక డిక్కీ ఉన్న పొడుగు సెడాన్, ఇంటిల్లిపాదీ కూర్చునే బండి. రాజుగారు మాత్రం చాలా మంచివారు. కొండమీద ఏ ఆడకూతురికి పురిటి రోజులు దగ్గర పడినా, తనే స్టీరింగు పట్టి కింద బస్తీ ఆసుపత్రికి దింపి వచ్చేవారు. డ్రైవర్ని పెట్టుకోండి ప్రభూ అంటే, "నా బిడ్డల్ని ఇంకొకడి చేతిలో పెట్టనా?" అనేవారు. అంత మంచి మనిషికి ఒక్కటే పాడలవాటు. ఈ కథంతా ఆ అలవాటు వల్లనే వచ్చింది.

ఏమిటంటారా? కొండ దిగేటప్పుడు ఆయన ఇంజను ఆపేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, కారును వాలుకు వదిలేసేవారు. "దేవుడు వాలిచ్చాడు, పెట్రోలెందుకు తగలెయ్యడం?" అని ఆయన తండ్రి, పెద్దరాజుగారు, ఎప్పుడో సెలవిచ్చారట. పెద్దాయన మాట కదా, అది ఆచారమై కూర్చుంది. మరి జారే కారును ఆపేదెవరు? ఆ బ్రేకులొక్కటే. ఇరవై ఒక్క వంపులూ రాజుగారి కాలు బ్రేకు మీదే. కిందికి చేరేసరికి చక్రాల్లోంచి పొగలు.

కారు బాగోగులు చూసే మెకానిక్ పేరు పైడయ్య. రెండు నెలలకోసారి మాడిపోయిన బ్రేకు ప్యాడ్లు ఊడదీసి, కొత్తవి బిగించి, ఆ కంపుకు ముక్కు మూసుకుని లోలోపల తిట్టుకునేవాడు. పైకి మాత్రం ఒక్క ముక్క అనేవాడు కాదు. పెద్దరాజుగారి మాట తప్పని ఎవరంటారు చెప్పండి? తలుంటుందా?

ఒకనాడు రాజుగారు ఒంటరిగా దిగుతుంటే, పదిహేడో వంపు దగ్గర బ్రేకు కాలికింద మెత్తగా కుంగిపోయింది. కారు గోడను బరబర గీరుకుంటూ పోయి ఎలాగో ఆగింది. అవతల లోయ. రాజుగారు చెమటలు కక్కుతూ కోటకు తిరిగొచ్చి, "ఈ బ్రేకులు పనికిరావు, మార్చిపారేయండి!" అని ఆజ్ఞాపించారు.

పైడయ్యకు వెంటనే కూతురు గుర్తొచ్చింది. అతనికి ఒక్కగానొక్క కూతురు, అప్పలకొండ. పురిటికి పుట్టింటికి వచ్చింది, నెలలు నిండాయి. ఇంకో వారం పది రోజుల్లో ఆ పిల్ల ఆ కారులో, ఆ వెనక సీట్లో కూర్చుని, ఆ ఇరవై ఒక్క వంపులూ దిగాలి.

ఇక ఊరుకుంటే లాభం లేదనుకుని పైడయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ప్రభూ, తప్పు బ్రేకులది కాదు. తమరు దిగేటప్పుడు ఆ ఇంజను..."

"బావగారూ!" అంటూ మధ్యలో దూరాడు రాజుగారి బావమరిది సోమరాజు. కారు నడపడం రాదు గానీ, కార్ల గురించి సోమరాజుకు తెలియని సంగతి లేదు. అలా అని అతనే చెప్పుకునేవాడు. "పొరుగు రాజుగారికి ఎర్ర పందెం కారుంది చూశారూ, గాలిలా పోయేది? దాని బ్రేకులు ఇంతింత పళ్లేలు! అంత వేగాన్ని ఆపేవి మన సెడాన్‌ను ఆపలేవా? తెప్పించేద్దాం."

రాజుగారి మొహం వెలిగిపోయింది. పైడయ్య మాట ఇక ఎవరూ వినిపించుకోలేదు.

మూడో రోజుకల్లా పొరుగు రాజుగారి దగ్గర్నుంచి పట్టుగుడ్డ కప్పిన పెట్టెలో పందెం బ్రేకులు దిగాయి. ఎర్రగా, నిగనిగలాడుతూ, ఒక్కొక్కటి అట్లపెనమంత ఉన్నాయి. రాజ్యమంతా వచ్చి చూసిపోయింది. పైడయ్య ఒకదాన్ని చేతిలోకి తీసుకున్నాడు, మన కారు చక్రం వంక చూశాడు, మళ్లీ బ్రేకు వంక చూశాడు.

"ఇది ఆ చక్రంలో పట్టదు, బాబూ," అన్నాడు.

"పట్టించాలి!" అన్నాడు సోమరాజు.

ఇనుము కదండీ, బతిమాలితే ముడుచుకుంటుందా? పొద్దుట్నుంచి మధ్యాహ్నం దాకా పైడయ్య చేత కుస్తీ పట్టించాడు. ఆ తర్వాత సోమరాజుకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది: చక్రాలు కూడా పెద్దవి వేద్దాం! సరే, పందెం కారు చక్రాలూ వచ్చాయి. అవి బిగించి స్టీరింగు తిప్పితే, టైరు పైరేకుకు రాసుకుని కీచుమంది. రేకు కోయమన్నాడు. పైడయ్య పళ్లు నూరుకుంటూ కోశాడు. బంగారంలాంటి కారును రంపంతో కోసే ఖర్మ పట్టింది కదా అని కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ప్రభూ, ఒక్క మనవి," అన్నాడు రెండోసారి. "ఇవన్నీ ఎందుకు? కొండ దిగేటప్పుడు గేరు..."

"ముందు నడిపి చూడనియ్యవయ్యా!" అన్నారు రాజుగారు హుషారుగా.

మర్నాడు పొద్దున్నే, మంచు ఇంకా వీడకముందే, కోట లోపలి పల్లం మీద పరీక్ష. కారు మెల్లగా కదిలింది. రాజుగారు బ్రేకు తొక్కారు. కారు వెళ్తూనే ఉంది. ఇంకా తొక్కారు. వెళ్తూనే ఉంది! రాణిగారు తెల్లారుజామునే లేచి పెట్టించిన గుమ్మడి వడియాల చాపల మీదుగా, నాలుగు చాపలూ దాటి, గడ్డివాములో దూరి ఆగింది.

రాణిగారు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు. "ఏమండీ, పాత బ్రేకులైతే కనీసం నా వడియాలు దక్కేవి!"

సోమరాజు అక్కగారి కంటబడకుండా పైడయ్య వెనక్కి చేరి, "నువ్వు సరిగ్గా బిగించలేదు," అన్నాడు.

పైడయ్యకు ఒళ్లు మండిపోయింది. "బాబూ, పందెం బ్రేకు బాగా కాగితే గాని పట్టదు. పందెం కారు మొదలెట్టిన దగ్గర్నుంచి దౌడే కాబట్టి అది కాగుతూనే ఉంటుంది. మన కారు పొద్దున్నే చల్లగా బయల్దేరుతుంది. మొదటి వంపులో ఇది పట్టకపోతే, రెండో వంపు చూసే రాత ఉండదు."

"అయితే బయల్దేరే ముందు కాచుకుందాం. నిప్పుల కుంపటి పెడదాం."

చూశారా! కారు చక్రాలకు కుంపటి పెడతాడట! ఇలాంటివాడికి ఏమని చెప్పాలి? పైడయ్య తల పట్టుకుని అక్కడే అరుగు మీద కూలబడ్డాడు.

ఆ మర్నాడు పొద్దున నిజంగానే కుంపటి పెట్టారు. బ్రేకులు కాగాయి. రాజుగారు సీట్లో కూర్చుని తొక్కి చూశారు. ఈసారి పెడలు అడుగుదాకా దిగిపోయింది. పైడయ్య నేలమీద బొమ్మ గీసి మరీ చెప్పాడు: ఇది పెద్ద బ్రేకు, తొక్కినప్పుడు ఎక్కువ బ్రేకు ఆయిలు తాగుతుంది. ఆ ఆయిలును తోసే పంపు మన పాత కారుది, చిన్నది. ఒక్క తొక్కుకు చాలదు.

"అంతే కదా! రెండుసార్లు తొక్కితే పోలా?" అన్నాడు సోమరాజు.

రాజుగారు కూడా తల ఊపారు.

పైడయ్య మూడోసారి నోరు తెరిచాడు. "ప్రభూ, ఆ న్యూట్రల్..." అనేలోపే వాకిట్లో మంత్రసాని కేకేసింది. "పైడయ్యా! నీ కూతురికి నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డంగా ఉంది. నా వల్ల కాదు, ఆసుపత్రికి దింపాలి. పొద్దుగూకేదాకా టైముంది, అంతకు మించి లేదు!"

పైడయ్య అటు చూశాడు, ఇటు చూశాడు. రాజ్యంలో ఉన్న ఒక్క కారూ కోసిన రేకులతో, రెండుసార్లు తొక్కాల్సిన బ్రేకులతో, నాలుగు చక్రాల కింద నాలుగు రాళ్లతో నిలబడి ఉంది.

"భయపడకు, నేను జాగ్రత్తగా రెండుసార్లు తొక్కుతానుగా," అన్నారు రాజుగారు. పాపం, మనస్ఫూర్తిగానే అన్నారు.

అప్పుడు తెగింది పైడయ్య ఓర్పు. ఇన్నేళ్లుగా మింగిన మాటలన్నీ ఒక్కసారి పైకొచ్చాయి.

"చాలు ప్రభూ, చాలు! మీ పాత బ్రేకులకు ఏ రోగమూ లేదు. ఇంజను ఆపి, గేరు తీసేసి, ఇంత బరువున్న బండిని ఇంత కొండమీంచి ఆ రెండు ప్యాడ్ల మీద వేలాడదీసి దింపుతున్నారు. అవి కాలక ఏమవుతాయి? ఆయిలు మరిగిపోతుంది, పెడలు కుంగిపోతుంది. పందెం బ్రేకులు కాదు, ఇంద్రుడి రథం బ్రేకులు తెచ్చినా అంతే! ఇంజను నడుస్తూ రెండో గేరులో ఉంటే బండి తన బరువును తనే పట్టుకుంటుంది. పెద్దరాజుగారు గొప్పవారే, కాదనను. ఈ ఒక్క మాట మాత్రం తప్పు చెప్పారు!"

సోమరాజు నోరు వెళ్లబెట్టాడు. రాజుగారి మొహం జేవురించింది. తండ్రిని తప్పుపట్టిన మాట ఆయన పుట్టి బుద్ధెరిగాక వినలేదు.

వాకిలి పక్కనే ఉన్న పైడయ్య ఇంట్లోంచి అప్పలకొండ మూలుగు వినిపించింది. "నాన్నా..."

రాజుగారు కళ్లు మూసి తెరిచారు. "ఏం చెయ్యమంటావో చెప్పు, పైడయ్యా."

పైడయ్య పని అందుకున్నాడు. పందెం బ్రేకులు ఊడదీసి అవతల పడేశాడు. పాత డిస్కులు తుడిచి పెట్టాడు, కొత్త ప్యాడ్లు వేశాడు, మరిగి నల్లబడ్డ ఆయిలంతా తీసేసి కొత్త ఆయిలు పోశాడు. పాత చక్రాలు బిగించాడు. పెడలు తొక్కి చూస్తే రాయిలా నిలబడింది. ఎండ నడినెత్తికి వచ్చేసరికి కారు సిద్ధం.

వెనక సీట్లో అప్పలకొండ, మంత్రసాని. ముందు స్టీరింగు దగ్గర రాజుగారు, పక్కన పైడయ్య.

మొదటి వంపు దాటగానే రాజుగారి చెయ్యి అలవాటుగా తాళంచెవి మీదికి పోయింది. పైడయ్య టపీమని దాని మీద కొట్టాడు. రాజుగారు ఉలిక్కిపడి చెయ్యి తీశారు.

తొమ్మిదో వంపు దగ్గర చెయ్యి గేరు మీదికి పాకింది. మళ్లీ దెబ్బ. "క్షమించాలి ప్రభూ," అన్నాడు పైడయ్య, ఈసారి ఇంకా గట్టిగా కొట్టి.

పదిహేడో వంపు వచ్చింది. గోడమీద కారు గీరుకున్న గీతలు కనబడ్డాయి. రాజుగారి చెయ్యి ఒకసారి లేచింది. పైడయ్య కొట్టబోయాడు. ఈలోపే రాజుగారు తన చెయ్యిని తనే వెనక్కి లాక్కుని, స్టీరింగును రెండు చేతులా పట్టుకున్నారు. ఇంజను గుర్రుమంటూ కారును బిగపట్టింది. బ్రేకును వంపు వంపుకూ ఇలా తాకి అలా వదిలారు, అంతే.

కారు బస్తీలో ఆసుపత్రి ముందు ఆగింది. అప్పలకొండను లోపలికి తీసుకెళ్లారు. రాజుగారు కిందికి దిగి, భయం భయంగా చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూశారు. పొగ లేదు, కంపు లేదు, గోరువెచ్చగా ఉందంతే.

సాయంత్రానికి లోపల్నుంచి పసిబిడ్డ ఏడుపు వినిపించింది. తల్లీ బిడ్డా క్షేమమని నర్సు చెప్పింది. పైడయ్య గోడకానుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

రాజుగారు పక్కన వచ్చి కూర్చున్నారు. "పైడయ్యా, ఇంత తెలిసినవాడివి, ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదయ్యా?"

పైడయ్య కళ్లు తుడుచుకున్నాడు. "మీకు కోపమొస్తుందని భయపడ్డాను ప్రభూ. ఇవాళ నా కూతురు కూర్చుందని నోరొచ్చింది." తల దించుకున్నాడు. "ఇన్నాళ్లూ ఆ వెనక సీట్లో కూర్చున్నవాళ్లంతా ఎవరో ఒకరి కూతుళ్లే కదా. ఆ తప్పు మాత్రం నాదే."

రాజుగారు తన ఎర్రబడ్డ చెయ్యి చూసుకుని, "నువ్వు కొట్టాల్సింది ఇవాళ కాదయ్యా, పదేళ్ల కిందటే," అన్నారు.

మర్నాడు కొండెక్కగానే కనకభూపతి దండోరా వేయించారు: కొండ దిగేటప్పుడు ఇంజను ఆపరాదు, ఈ ఆజ్ఞ ముందుగా రాజుకే వర్తించును. పందెం బ్రేకుల్ని పట్టుగుడ్డలో చుట్టి పొరుగు రాజుకు తిప్పి పంపారు. మోసుకెళ్లింది ఎవరనుకున్నారు? సోమరాజే, ఇరవై ఒక్క వంపులూ కాలినడకన!

కాబట్టి పిల్లలూ, తప్పు మన అలవాటులో ఉన్నప్పుడు ఎంత ఖరీదైన వస్తువు తెచ్చి తగిలించినా అది మనల్ని కాపాడదు. ఆ తప్పు తెలిసి కూడా నోరు మూసుకున్నవాడికీ అందులో పాలుంటుంది.