సన్యాసమ్మ వాకిలి

అనగా అనగా, మా అవ్వకి అవ్వ కూడా పుట్టని కాలంలో, ఏటి ఒడ్డున ఒక పట్నం. ఆ పట్నంలో టేకు స్తంభాల ఇల్లొకటి. ఆ ఇంటి వాకిలి ఊడ్చే మనిషి సన్యాసమ్మ. ఏనాడూ గడప దాటి లోపలికి వెళ్లింది లేదు.

ఒక ఏడు ఊళ్లో మాయరోగం పడింది. ఇంటివాళ్లు తాళం వేసి బండెక్కారు. "మేం వచ్చేదాకా ముగ్గు మానకే," అంది పెద్దమ్మగారు.

ఆ పట్నానికో కట్టుబాటుంది మరి. మూడు రోజులు ముగ్గు పడకపోతే అది పాడిల్లు. పాడింటి కలప ఎవరైనా విప్పుకుపోవచ్చు.

సన్యాసమ్మ ఊడ్చింది, కళ్లాపి జల్లింది, ముగ్గేసింది. రోజూ అంతే. పలకరించే దిక్కు లేక తాళంతోనే మాట్లాడేది. "అమ్మా, ఇయ్యాల పద్మం ఏసినాను, సూసుకోండి." పాపం, బదులు కోసం కాసేపు ఆగేది కూడా.

టేకు వాసన ఆమడ దూరం నుంచే పట్టే కలప షావుకారొకడు మొదటి ఏడే వచ్చాడు. ముగ్గుంది. వెళ్లిపోయాడు. పదో ఏడు వచ్చాడు. ముగ్గుంది. వెళ్లిపోయాడు. మూడోసారి వచ్చేసరికి సన్యాసమ్మ ముసలిదైంది, ఒళ్లు జ్వరంతో కాలిపోతోంది. రెండు రోజులుగా ముగ్గు లేదు. మూడో పొద్దున పాక్కుంటూ వచ్చి, వాకిట్లో ఒక్క చుక్క పెట్టింది.

"సుక్కెడితే ముగ్గయిపోద్దేటే?" అన్నాడు షావుకారు.

"సుక్క నేకుండా ముగ్గెక్కడిది బాబూ?" అంది సన్యాసమ్మ. గడపకి తల ఆనించి, అక్కడే కన్నుమూసింది.

వీధి ఆడవాళ్లు పరుగున వచ్చారు. చావు జరిగిన ఇంటి ముందు ముగ్గెయ్యరు. వెయ్యకపోతే ఇల్లు దక్కదు.

"పనిమనిసే కదా, ఇంటికి మైలేటి? ముగ్గేసెయ్యండి," అంది ఒకామె.

పొరుగింటి ముసలావిడ నీలాలమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "ఇన్నేళ్లూ ఈ ఇంటికి ఇంకెవులున్నారే? ఇదే ఇంటావిడ. మైల పట్టాల్సిందే." షావుకారు వైపు తిరిగింది. "మైల పట్టిన ఇల్లు పాడిల్లెలాగవుద్దయ్యా? మనిసుంటేనే కదా మైల!"

షావుకారు మూడోసారీ వెళ్లిపోయాడు.

పదకొండు రోజులు వీధంతా మైల పట్టింది. పన్నెండో రోజు నుంచి ఇంటికొకరు వంతులేసుకుని ముగ్గేశారు. బండెక్కినవాళ్లు మాత్రం మళ్లీ రాలేదు.

ఆ ఇల్లు ఇంకా ఉంది. వంతులూ ఉన్నాయి. ఏడాదికి ఒక్క రోజు మాత్రం ఆ వాకిట్లో ముగ్గుండదు. ఊరికి కొత్తవాళ్లు చూసి, "ఈ ఇంట్లో ఎవరూ లేరా?" అని అడుగుతారు.

"ఉన్నారు," అంటారు వీధివాళ్లు. "ఇయ్యాల ఇంటావిడ పోయిన రోజు."